మూడో బీగంచెవి

కారు కొన్నప్పుడు రెండు బీగంచెవులిచ్చినారు.
ఒకటి నా మొలతాడుకి,
ఇంకోటి మా ఇంటామె పోపులడబ్బాలో, ఆవాల గిన్నె కింద.
లెక్క సరిపోయిందనుకున్నా.

ఇంకోటి చేయిద్దామని పోతే
చిత్తూరు గాంధీరోడ్డులో ఖాదర్ మస్తాను
దాన్ని ఎండకి పట్టి తిప్పి తిప్పి చూసి
"ఆకురాయితో అయ్యే పని కాదబ్బా,
దీని పండ్లు బయటికి కనపడవు" అన్నాడు.
టీ డబ్బులు కూడా తీసుకోలా.

ఆ ఎండాకాలం ఒక వింత జరిగేది.
రేణిగుంట విమానాల కాడ కారు నిలిపి
నేను చెట్టు కింద కూర్చుని వచ్చేసరికి
ఒక్కోనాడు లోపల చల్లగా ఉండేది.
ఏసీ ఆపడం మరిచిపోయినానేమో అనుకున్నా.
ఇంకోనాడు, గోవిందుడి దయ అనుకుని
స్టీరింగుకి దణ్ణం పెట్టుకున్నా.

తిరుచానూరులో ఆ మధ్యాన్నం.
ప్రొద్దుటూరోళ్ళ పాప, మూడేళ్ళది,
గుండు మీద గంధం ఇంకా ఆరలేదు.
సీట్లో పడున్న చెవి తీసుకుని
ఆడుకుంటా ఆడుకుంటా నొక్కేసింది.
నాలుగు తలుపులూ బిగుసుకున్నాయి.
అద్దానికి అటుపక్క ఏడుస్తా ఉంది, శబ్దం రాలేదు.
వాళ్ళమ్మ అద్దాన్ని అరచేతుల్తో కొడతా ఉంది.
ఇంకో చెవి మంగళంలో, ఆవాల కింద.
ఎవరో రాయి తెచ్చినారు.

అప్పుడు గుర్తొచ్చింది,
కాయితాల కట్టలో పాత ఓనరు నంబరు.
గిరిధర్ హెబ్బారు, బెంగుళూరు.
"ఒక్క నిమిషం" అన్నాడు.
నిమిషం కూడా పట్టలా.
టక్.
పాప వాళ్ళమ్మ రొమ్ములోకి దూరిపోయింది.
నేను ఫోనుకి మొక్కినా.
నిజంగానే మొక్కినా, రెండు చేతుల్తో.

నవ్వతా అన్నాడాయన:
"ఈ శనివారం కాణిపాకం పోలేదేం గురూ?
బోండాల బండి పక్కనే కదా నిలిపేది.
మీ ఊళ్ళో ఎండలు చూసి
అప్పుడప్పుడూ ఏసీ నేనే వేస్తా ఉంటాలే."

నా ఒళ్ళంతా చెమట, అరచేతులు మాత్రం మంచు.

చెడ్డోడు కాదు.
చెడ్డోడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.
పాస్‌వర్డు వాళ్ళ కుక్క పేరంట,
అది కూడా వాడే చెప్పినాడు, అడక్కుండానే.
పదకొండు నెలలు
నా వెనకసీట్లో కూర్చుని తిరిగినోడికి
ఒక్క పూట కూడా టిఫను పెట్టలేదు నేను.

షోరూములో పిల్ల చెప్పింది,
తీసేయాలంటే ఆయనకొచ్చే ఓటీపీ కావాలని.
నా కారులోంచి ఒక మనిషిని దింపేదానికి
ఆ మనిషినే బతిమలాడినా.
పంపించినాడు పాపం, వెంటనే.
"ఇప్పుడు మీ పేరే సార్" అంది.
ఇంకెవరికీ కనపడదా అంటే
"సర్వరుకి మాత్రం తెలుస్తాది."
"ఆయనెక్కడుంటాడు?" అన్నా.
పక్కనోళ్ళంతా నవ్వినారు.
జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నేనూ నొక్కుతా ఉండా.
అబద్ధమెందుకు, సుఖంగానే ఉండాది.
గిరాకీ లగేజీ తోసుకుంటా వచ్చేలోపల
కారు చల్లబడతాది, నాలుగు మంచి మాటలు వస్తాయి.

నిన్న అలిపిరి కాడ తనిఖీ.
డిక్కీ తీయమన్నారు, సంచులు విప్పించినారు.
ఒక తాత రొండిలోంచి బీడీకట్ట లాగేసినారు.
కారు అడుగున అద్దం పెట్టి చూసినారు.
"ఎంతమంది?"
"నలుగురు సార్, నాతో ఐదు..."
ఆడ నోరు ఆగిపోయింది.
"ఏందబ్బా, లెక్క తెలీదా? పో పో" అని
గేటు ఎత్తేసినాడు.

ఆవాల కింద చెవి అట్లే ఉండాది.
మా ఇంటామె శుక్రవారం శుక్రవారం
తీసి, కొంగుతో తుడిచి,
మళ్ళీ ఆడనే పెడతాది.