కాస్త వదులు

గెథిన్, ఆ చక్రం ఇటివ్వు.
చూపించొద్దు, తిప్పు.
ఇరుసు రెండు కొసలూ వేళ్ళ మధ్య పట్టుకుని
మెల్లగా, ఇంకా మెల్లగా.
ఆ గరగర విన్నావా?
ఎవరో ఇసుక నములుతున్నట్టు లేదూ?
చెవికి అందకపోతే పోనీ,
వేలి చివర తెలుస్తుంది.

మన ఫెస్టినియోగ్‌లో వాన ఊరికే పోదు.
గని పారబోసిన పలకరాళ్ళ గుట్టల్ని కడిగి
ఆ బూడిదరంగు నీళ్ళు మోసుకుని దిగుతుంది.
నువ్వు దూకే దారంతా అదే రొచ్చు.
"బురదే కదా" అంటావు.
బురద కాదు నాయనా,
నీళ్ళలో నూరిన సానరాయి.
సీలు పెదవి కింద సన్నగా దూరి
కందెనలో కలిసిపోయి
ఉక్కు గోళీల్ని కూర్చోబెట్టి అరగదీస్తుంది.

మా తాత ఎడ్నవెడ్ ముప్ఫై ఏళ్ళు పలక చీల్చాడు.
చివరి చలికాలం ఆయన ఊపిరి
సరిగ్గా ఇలాగే తిరిగేది.
ఆయనకి మార్చడానికి కోనులు అమ్మే కొట్టు లేదు.
సరే, అదొదిలెయ్.

ఏ హబ్బు కొనాలని కదా అడిగావు.
గోడమీద ఆ ఊదారంగు దాని మీదే నీ కళ్ళు.
తెలుసు. నీ వయసులో నేనూ రంగే చూశాను.
తొక్కడం ఆపగానే కందిరీగల తుట్టెలా మోగుతుంది అది.
మోత బలం కాదు.
లోపలి కొక్కేలు ఎండిపోతే ఏ హబ్బయినా అరుస్తుంది,
ఆకలేసిన పిల్లిలా.

నేనైతే అమ్మేవాణ్ణి రెండే అడుగుతాను.
పదేళ్ళ తర్వాత దీని బేరింగు దొరుకుతుందా?
విప్పడానికి నా దగ్గరున్న పానాలు చాలా?
మొదటిదానికే తల గోక్కున్నాడా,
రెండోది అడగను.

ఇదుగో, ఇది నాది. పందొమ్మిదేళ్ళది.
రంగు పోయింది, పేరు చెరిగిపోయింది.
కోను మీద నువ్వుగింజంత గుంట పడితే
నాలుగుసార్లు మార్చాను.
కోను మారుతుంది గెథిన్, కప్పు మారదు.
కప్పు గుంటపడిందా, హబ్బే పోయినట్టు.
అందుకే గరగర మొదలైన వారమే రావాలి,
పందేలన్నీ అయ్యాక కాదు.
మూసిన బేరింగులున్నది కొనుక్కో, తప్పులేదు.
మూసినదంటే మరిచిపోమని మాత్రం కాదు.
బ్లేడు మొనతో ఆ మూత అంచు లేపి చూడు,
లోపల మన కొండ ఎంత ఉందో.

ఇప్పుడు దగ్గరికి రా, దీపానికి అడ్డం లేకుండా.
కోనుని వేళ్ళతో ఆనేదాకా తిప్పు.
అక్కణ్ణించి వెనక్కి, వెంట్రుకవాసి.
ఆడుతోందా? ఆడనీ.
చేతిలో కాస్త వదులుండాలి.
ఫ్రేములో పెట్టి మీట బిగించినప్పుడు
ఇరుసు నొక్కుకుని
ఆ వదులు తనంతట తానే పోతుంది.
బల్ల మీదే సరిగ్గా బిగించినవాడు
కొండ మీద గోళీలు పిండి చేసుకుంటాడు.
ఇది నాకెవరూ చెప్పలేదు.
మూడు హబ్బులు పాడయ్యాక తెలిసింది.
మా నెస్తాకి పదహారేళ్ళప్పుడే తెలిసుంటే...
ఆ గుడ్డ అందుకో.

ఊదాదే కావాలంటావు.
సరే, నీ డబ్బు, నీ మోకాళ్ళు.
ఉండు, కొత్తదైనా విప్పకుండా ఇవ్వను.
చూశావా, కంపెనీవాడు పిసినారి చేత్తో
కందెన బొట్టు పెట్టి పంపాడు.
బేరింగులకి నిండుగా పూస్తాను.
కొక్కేల దగ్గర మాత్రం పల్చటి నూనె.
అక్కడ చిక్కటిది పూస్తే జనవరి చలికి అతుక్కుపోతాయి,
పెడలు గాల్లో తిరుగుతుంది,
నీ గడ్డం హ్యాండిలుని ముద్దాడుతుంది.

తిప్పు.
కందిరీగలు కొంచెం నిద్రపోయాయి కదూ?
మొహం మాడ్చుకోకు.
దారిలో గొర్రెల్ని లేపాలంటే గంట కట్టుకో,
రెండు పౌండ్లు, అక్కడే ఉంది.

అక్టోబరులో మళ్ళీ తీసుకురా.
బాగానే ఉందని చెప్పడానికైనా సరే.
కడిగేటప్పుడు బకెట్టూ గుడ్డా చాలు.
నీళ్ళ యంత్రం గొట్టం ఇరుసుకేసి పెట్టి
పెట్టలేదని నాతో అన్నా,
ఇలా పట్టుకుని, ఇలా ఒక్కసారి తిప్పుతాను.
వేలి చివర తెలుస్తుంది.