నాలుగో గ్లాసు

ఉదయం పది కాకముందే మొదలుపెడుతుంది ఇష్‌బెల్ మెక్‌ఫీ.
కాఫీ ముట్టదు, వాసన సబ్బుతో చేతులు కడగదు.
నేను తడిసిన స్వెట్టరుతో వస్తే
"ఆ గొర్రెను బయట కట్టేసి రా" అంటుంది.

ఐలా దీవిలో నవంబరు.
ఉప్పు కోసం గాలి కిటికీ అద్దాన్ని నాకుతోంది.
బల్ల మీద మూడు గ్లాసులు,
ఒక్కోదాని మీద మూతగా గుండ్రటి గాజుబిళ్ల,
పక్కన నీళ్ల కూజా, ఉమ్మడానికి బకెట్టు.
నా పని రాయడం.

మూడూ ఒక కడుపున పుట్టినవే.
ఒకే రోజు ఒకే బట్టీలోంచి దిగి
పద్దెనిమిదేళ్ల కిందట వేరుపడ్డాయి,
ఒకటి సముద్రపు గోడ వారన,
ఒకటి పై అరలో, రేకు వేడి కింద,
ఒకటి తలుపు పక్కన, వచ్చేపోయేవాళ్ల మాటలు వింటూ.

మొదటిది.
ముక్కు దించి, నోరు కాస్త తెరిచి,
కళ్లు మాత్రం మూయకుండా,
"తారు. నానిన పడవతాడు. ఎవరో ఆర్పడం మరిచిన పొయ్యి."
చెంపల్లో తిప్పి ఉమ్మేసింది.
"చివర్న వగరు. రాసుకో."

రెండోది,
"చుట్టాల ముందు పిల్లని నవ్వమంటే నవ్వినట్టుంది,"
అని, వెంటనే "అది కొట్టెయ్,
ఎండుద్రాక్ష అని రాయి, ఆఫీసుకి చాలు."
నేను రెండూ ఉంచాను.

మూడోదాన్ని వాసన చూసి తల వెనక్కి లాక్కుంది.
"దీనికి పొగ కన్నా పొగరెక్కువ."
నీళ్లు. ఒక చుక్క. ఆగి, ఇంకో చుక్క.
మూడో చుక్కకి
గదిలో ఎవరో బార్లీ రొట్టె కాల్చి తుంచినట్టయింది.
పొగరు దిగింది, పొగ మిగిలింది.
"ఇంకో రెండేళ్లు పడుకోనీ వీణ్ణి."

అక్కడికి అయిపోవాలి. కాగితం మీద గళ్లు మూడే.

కానీ పోయిన వారం పాత బార్లీ అటక గోడ విప్పుతుంటే
రాళ్ల సందులో మూరెడు రాగి గొట్టం దొరికింది.
ఒక కొసన బిళ్ల పెట్టి మాటు వేశారు,
రెండో కొసన బిరడా, మైనం.
అలాంటివి పంట్లాం లోపల తాడుతో వేలాడదీసుకునేవాళ్లట,
పీపాలు చేసే ముసలి గిలెస్పీ చెప్పాడు,
గొట్టం మీద గోరుతో తడిమి
గీసిన రెండక్షరాలు చూసి
ఆపై చెప్పలేదు.

ఏటేటా పీపాలోంచి ఆవిరయ్యేది
దేవదూతల వాటా అని ఖాతాలో రాస్తారు.
మనిషి మీద అనుమానం వస్తే ఖాతాలోంచి మనిషినే తీసేస్తారు.
గేటు దగ్గర ఒళ్లంతా తడిమినా ఏమీ దొరకలేదు,
అయినా డంకన్ మెక్‌ఫీకి ఆ చలికాలం నుంచి పని లేదు.
చుక్క ముట్టలేదని చనిపోయేదాకా ఒట్టేశాడు.
ఆ ఒట్టు కోసం ఇష్‌బెల్
స్కూల్లో ఇద్దరి ముక్కులు పగలగొట్టింది.

మైనం తనే గీకింది.
గ్లాసులోకి పచ్చగా, మడ్డిగా, రెండు గుటకలంత.
వాసన చూడ్డానికి చాలాసేపు పట్టింది.
ఈసారి కళ్లు మూసుకుంది.

"రాగి. కొవ్వొత్తి. చచ్చిన నీళ్లు.
నాలుగింట్లో ఇదే నాసి."
మళ్లీ వంగింది.
"కింద... ఆగు.
కింద షెర్రీ పీపా ఉంది. పాతది, మంచిది.
చేతికందింది తీయలేదు, ఎంచి తీశాడు."

బకెట్టు దగ్గరికి జరిపాను.
కాలితో పక్కకి నెట్టి
మింగేసింది.

"దొంగే," అంది కాసేపటికి,
కిటికీ వైపు, నాకు కాదు.
"ముక్కున్న దొంగ."

ఏం రాయమంటారని అడిగాను.
మొదటి పీపా సీసాల్లోకి పంపమని రాయి, అంది.

గ్లాసులు కడిగాను. నాలుగోది రెండుసార్లు.
సాయంత్రం జూరాకి పడవెక్కినప్పుడు
బొటనవేలికి ఇంకా రాగి వాసన,
గొట్టం మాత్రం ఆమె కోటు జేబులో,
సగం బయటికి కనిపిస్తూ,
గేటు దాటి పోతోంది.