ఇరవై లీటర్లు

డండీలో నవంబరు చివర
నాలుగింటికే చీకటి పడుతుంది.
టే నది మీంచి వచ్చే గాలికి
కరపత్రాలు ఎగిరిపోకుండా
బల్ల నాలుగు మూలలా ఉల్లిపాయలు పెట్టాం.
స్ట్రూవన్ రాత్రి వంటకని కొన్నవి.
ఊరంతా రాతి కట్టడాలే,
ఒక్క రాయి దొరకలేదు.

గోడకి దార్ఫుర్ పటం.
నేనే గీశాను, మూడు రాత్రులు కూర్చుని.
సరిహద్దులు బాగానే కుదిరాయి.
లోపల ఏ ఊరు ఎక్కడో తెలియక
చాలా చోటు ఖాళీగా వదిలేశాను.

ఒకడు ఆగి, ఉల్లిపాయలు ఎంతకిస్తారన్నాడు.
ఒకమ్మాయి సంతకం పెట్టేసి
అప్పుడడిగింది, ఇదే దేశమని.
ఒక ప్రొఫెసరు పచ్చ పెన్ను తీసి
కరపత్రంలో కామా దిద్ది వెళ్ళిపోయాడు.
రెండు గంటలకి పదకొండు సంతకాలు.
అందులో నాలుగు మావే.

"మాటలు ఎవరికీ బరువు కావు,
నీళ్ళు మోద్దాం," అంది కట్రియోనా.
పసుపుపచ్చ డబ్బా, ఇరవై లీటర్లు.
శిబిరంలో ఆడవాళ్ళు బావి నించి
ఎంత దూరం మోస్తారని చదివామో
అంత దూరం, కాలేజీ చుట్టూ తొమ్మిది చుట్లు.

ముందు నేనే ఎత్తాను.
మొదటి చుట్టులో నవ్వాను, ఫోటో కోసం.
రెండో చుట్టులో చేయి మార్చాను,
మళ్ళీ మార్చాను,
మార్చడానికి మూడో చేయి లేదు.
లైబ్రరీ మెట్ల దగ్గర వేళ్ళు సున్నంలా తెల్లబడి
డబ్బా దించి, దాని పక్కనే చతికిలబడ్డాను.
ఇందాక బల్ల వైపు తొంగిచూడని జనం
చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు.
మోసినందుకో, దించినందుకో.

అయిదుగురం పంచుకుని తొమ్మిదీ పూర్తి చేశాం.
సంతకాలు రెండు వందల ఆరు!
బల్ల మడిచాక డబ్బా మిగిలింది.
"ఈ నీళ్ళు?" అన్నాడు స్ట్రూవన్,
అన్నాడే గాని అప్పటికే మూత తీస్తున్నాడు.
మెట్ల పక్కన తూము.
అర నిమిషం కూడా పట్టలేదు.

తలెత్తితే తలుపు దగ్గర కల్తూమా,
చేతిలో తడిబట్ట కర్ర.
మా అంతస్తు రోజూ తుడిచేది ఆమే.
రెండేళ్ళుగా హలో చెప్పుకుంటున్నాం,
చెప్పి, తడి నేల మీద మునివేళ్ళతో నడుస్తున్నాం.
ఆమె పటం వైపు చూడలేదు.
తూము వైపు చూసింది.
"పారబోశారా," అంది.

కోపం లేదు ఆ గొంతులో.
రేషన్ రోజులు చూసిన మా నాన్నమ్మ
చెత్తబుట్టలో రొట్టె ముక్క కనిపిస్తే
అచ్చం అలాగే అనేది.
ఇక్కడ కుళాయి తిప్పితే వస్తాయి కదా,
అనబోయాను.
అంతకంటే సిగ్గుమాలిన మాట
నా నోటి దాకా ఎప్పుడూ రాలేదు.

మర్నాడు మళ్ళీ మోశాం.
వాన. ఫోటోలు లేవు, చప్పట్లూ లేవు.
తొమ్మిదో చుట్టు అయ్యాక
డబ్బాని మూడంతస్తులు ఎక్కించి
ఆమె బకెట్ పక్కన దించాం.
వేలు ముంచి చూసింది.
"నేలకి వేణ్ణీళ్ళు కావాలి," అంది,
అయినా సగం పోసుకుంది.
కొంత కెటిల్లోకి.
కొంత కిటికీలో ఎవరిదో ఎండిన మొక్కకి.
తూముకి మాత్రం చుక్క దక్కలేదు.

టీ తాగుతూ ఆమె ఏ ఊరి పేరూ చెప్పలేదు.
నా జేబులో మార్కరు ఉంది,
ఇంట్లో ఆ ఖాళీ పటమూ ఉంది.
అడగలేదు.
కప్పు కడిగి పెట్టాక
"మోసే పద్ధతి అది కాదు," అని
నా గడ్డం కింద వేలు పెట్టి మెడ నిలబెట్టి
ఖాళీ డబ్బా నెత్తిన పెట్టింది.
రెండడుగులకే పడింది.
కారిడార్ పొడుగునా దొర్లింది, ఒకటే మోత.
తలుపులన్నీ తెరుచుకుని
ఏమిటి, ఏమైంది, అన్నారు.
నిన్నంతా అరిచినా అడగని మాట.
కల్తూమా పడీ పడీ నవ్వింది.

మార్చిలో ఎంపీగారి జవాబొచ్చింది.
మూడు వాక్యాలు, ఒక సంతకం.
బల్ల మీద పెట్టి
ఎగిరిపోకుండా ఉల్లిపాయ ఉంచాం,
పాతవాటిలో మిగిలిన ఒక్కటి.
దానికి అప్పటికే
జానెడు మొలక.