అదునూ పదునూ

ముహబురా అగ్నిపర్వతం కింద
మా బడికి మూడు కిటికీలు, రెండు అద్దాలు.
అద్దం లేని కిటికీలోంచి పొగమంచు వచ్చి
ముందు బెంచీలో మా పక్కన కూర్చునేది.

ఆ సోమవారం డొనాటిల్లా టీచరు
పాలపొడి డబ్బాలు ఐదు తెచ్చింది.
నడుముకున్న కిటెంగే గుడ్డ ముడి విప్పి
ఎర్రమచ్చల చిక్కుడు గింజలు బల్ల మీద పోసింది.
"వండుకోడానికి కాదు," అంది ముందే,
మా కళ్ళు చూసి.

ఒక డబ్బా కిటికీలో,
గింజ వేలి కణుపంత లోతున,
పిడికిట పడితే ముద్దయ్యే మట్టిలో.
ఒకటి అంచుదాకా నీళ్ళతో, సెమానాది.
ఒకటి బయట గోడ మీద, కొండచలి దిగే చోట.
ఒకటి సుద్దముక్కల బీరువాలో, తాళం వేసి. అది నాది.
ఐదోదాన్నిండా బూడిదలాంటి పొడి మన్ను.
గషుంబా చేతిలో పెట్టి చెప్పింది:
"దీనికి చుక్క పొయ్యకు."
క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఎనిమిదో రోజు కిటికీ డబ్బాలో మన్ను పగిలింది.
మెడ వంచుకుని లేచింది మొలక,
బంగాళాదుంపల బస్తా వీపున వేసుకుని
నిటారవబోయే మనిషిలా.
రెండు బద్దల్నీ నెత్తిన మోసుకుంటూ వచ్చింది.
చలి డబ్బాలోది పదిహేను రోజులు తీసుకుంది.
వచ్చాక కూడా చేతులు ముడుచుకునే ఉంది.

సెమానా డబ్బా కంపు కొట్టింది.
వేలితో నొక్కితే గింజ తోలు జారిపోయింది.
"నీళ్ళెక్కువైతే దానికి ఊపిరాడదు," అంది టీచరు.
చిత్తడి నేలలో వాళ్ళమ్మ రెండుసార్లు నాటిన మడి
ఆ మార్చిలోనే మునిగింది.
సెమానా డబ్బా కడుక్కొచ్చి బోర్లించాడు.

నాది అందరికంటే పొడుగు!
గడ్డిపరకతో కొలిచి, ఊళ్ళో చెప్పుకుని,
తాళం తీసే దాకా గొప్పపడ్డాను.
తలుపు తెరవగానే నేల మీద వాలిపోయింది,
పాలు కలిపిన టీ రంగులో,
విప్పని ఆకులతో.
"వెలుతురు ఎటో తెలీక పరిగెత్తింది పాపం,"
అంది టీచరు.
ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

ఇప్పుడు సహకార సంఘంలో విత్తనాలు తూస్తాను.
ఎవరైనా గింజని తిడుతూ వస్తే
ఏ వాలున నాటావు, ఏ వానకి, ఎంత లోతున
అని అడుగుతాను. సగంమంది విసుక్కుంటారు.

గషుంబా మాత్రం మధ్యలో మానేశాడు.
దుంపలు తవ్వే రోజులు, లారీలకి మోత పని.
వాడి పేరు సుద్దతో రాసిన డబ్బా
ఐదు వారాలు కిటికీలో ఎండింది.

వచ్చినప్పుడు భుజం మీద తోలు లేచి ఉంది.
"చచ్చిపోయిందా?" అన్నాడు.
టీచరు పొడిమన్నులో వేలు పెట్టి గింజ తీసింది.
అవే ఎర్రమచ్చలు. గట్టిగా, చల్లగా.
"దీన్నింకా ఎవరూ లేపలేదు," అంది.

వాడి సీసాలో తాగేనీళ్ళు సగమున్నాయి.
పోశాడు, ఆగాడు, సెమానా వైపు చూశాడు,
మన్ను పిడికిట పట్టి విప్పాడు.
వేళ్ళ ముద్రలు మట్టిలో నిలిచాయి.
అప్పుడు గింజని కణుపు లోతున దించాడు.

అది లేచిన రోజు సంత. వాడు లేడు.
టీచరు విరిగిన గొడుగు ఊచ ఒకటి
పక్కన గుచ్చింది, పాకుతుందని ముందే తెలిసి.
నేను రోడ్డుదాకా పరిగెత్తాను.
బస్తాల మీద కూర్చుని వాడు, కదిలిపోతున్న లారీ.
"వచ్చిందిరా!" అని అరిచాను.
వినబడిందో లేదో,
చూపుడువేలు ఎత్తి, కింది కణుపు దగ్గర
బొటనవేలు ఆనించి చూపించాడు:
ఇంతా?

నేను పై కణుపు చూపించాను.