లెటర్‌హెడ్

అంకమ్మరావు గారి షాపుకి లెటర్‌హెడ్ లేదు.
ఆటోనగర్ రెండో క్రాసులో
రేకు మీద పసుపు పెయింటుతో రాసిన పేరే,
అదీ వానకి సగం కారిపోయింది.
పదహారేళ్లు ఆ రేకు కిందే
లేతు ముందు నిలబడ్డాను.
నిలబడ్డానని ఇప్పుడు కాగితం కావాలి.

"పనిచేశావని నేను చెబితే చాలదంటరా సైదా?"
"చాలదు బాబాయ్, వారానికెన్ని గంటలో రాయాలంట."
గంటలా, అని నవ్వాడు.
కరెంటున్నన్ని గంటలు,
లారీవాడు టైరు మీద కూర్చుని
మనకేసి చూసినన్ని గంటలు.
ఫారంలో ఆ గడి లేదు.

బీసెంట్ రోడ్డు వెనక సందులో
లెటర్‌హెడ్‌లు కొట్టించాం. వందకి తక్కువ కొట్టరట.
"ఇనుము వీడి మాట వింటుందని రాయి" అన్నాడాయన.
టైపు చేసే కుర్రాడు ఆలోచించి
గుడ్ వర్కర్ అని కొట్టాడు.
మిగిలిన తొంభైతొమ్మిది కాగితాల వెనక
ఇప్పుడు టీ లెక్కలు రాసుకుంటున్నారు.

ఇంట్లో ఖాసింబీ ఫొటోలు వెతుకుతోంది.
మా పెళ్లి నిజమైందేనని నిరూపించాలి.
పదమూడేళ్లలో ఇద్దరం కలిసి దిగినవి నాలుగు.
ఒకదాంట్లో నేను కళ్లు మూశాను.
ఒకదాంట్లో తను రిజ్వానాని ఎత్తుకుని
అటు తిరిగిపోయింది.
"దెబ్బలాడుకున్నవి తీసి ఉంచితే
ఈపాటికి వీసా వచ్చేది" అంది.
గ్యాసు పుస్తకం, చిట్టీ పుస్తకం,
మా ఇద్దరి సంతకాలూ ఉన్న ఒకే ఒక్క కాగితం
పాప ప్రోగ్రెస్ కార్డు.
అన్నీ స్కాన్ చేయించాం, పేజీకి పది రూపాయలు.

ఇంటిపేరు గడిలో నూర్బాషా అని రాశాను.
పదో తరగతి సర్టిఫికెట్లో ఎన్ పక్కన చుక్క.
ఆ చుక్కా నేనూ ఒకటేనని
నోటరీ ముందు ప్రమాణం చేశాను.

వయసుకీ మార్కులున్నాయి.
జూన్ ఒకటికి నలభై నిండితే కొన్ని రాలిపోతాయి.
ఆ తేదీ మా అమ్మ చెప్పింది కాదు,
బళ్లో వేసుకోవడానికి మేష్టారు రాసుకున్నది.
ఇన్నేళ్లకి దాన్ని చూసి భయపడుతున్నాను.

రాత్రి పదింటికి రిజ్వానా టీచరు.
"వాతావరణం గురించి రెండు నిమిషాలు
ఇంగ్లీషులో మాట్లాడు నాన్నా."
బెజవాడ మే నెల గురించి
ఇట్ ఈజ్ వెరీ హాట్ అన్నాను.
ఇంకా నిమిషం యాభై సెకన్లు మిగిలాయి.

బెంజి సర్కిల్ దగ్గర మూడో అంతస్తు, ఏసీ గది.
వేళ్లు అద్దం మీద పెట్టమన్నారు.
పెట్టాను. ఎర్ర లైటు.
తుడుచుకుని పెట్టమన్నారు.
ఎర్ర లైటే.
"ఏం పని చేస్తారు?" అందా అమ్మాయి.
లేతు.
పదహారేళ్ల ఇనప రజను
ఒక్కో గీతా గీక్కుని పోయింది.
వెంట్రుకలో పదో వంతు తేడా
తడిమి చెప్పే వేళ్లమ్మా ఇవి,
అందామనుకున్నాను.
నా వెనక పద్దెనిమిది టోకెన్లున్నాయి.

ఎడమ చిటికెన వేలు ఒక్కటి పడింది.
అది ఎందుకూ పనికిరాదనుకునేవాణ్ణి.

"పది రోజులు ఇనుము ముట్టకండి సార్,
గీతలు మళ్లీ వస్తాయి."

ఇప్పుడు రోజూ అన్నాలయ్యాక
ఖాసింబీ నా వేళ్లకి కొబ్బరినూనె రాస్తుంది.
రిజ్వానా సెల్లు లైటు వేసి చూస్తుంది.
"ఒకటి వస్తోంది నాన్నా,
బందరు కాలవలా, వంకరగా."

ఏడో రోజు అంకమ్మరావు గారి ఫోను.
ఏదో షాఫ్టు వచ్చిందట, కొత్త కుర్రాడికి అంతుబట్టడం లేదట.
"చెయ్యి పెట్టొద్దులేరా,
పక్కన నుంచుని చెప్పు చాలు."

చెప్పులేసుకుంటుంటే
ఖాసింబీ ఏమీ అనలేదు.
పాప స్కూలు సాక్సు తెచ్చి
నా రెండు చేతులకీ తొడిగింది.