శుక్రవారం అయిదింటి లోపల

ఉత్తర్వు బుధవారమే వచ్చింది, శ్రీసిటీ నుంచి.
"మిమ్మల్ని ఎంపిక చేసినందుకు సంతోషిస్తున్నాం"
అని వాళ్ళే సంతోషపడి,
నేను సంతోషపడ్డానో లేదో చెప్పడానికి
శుక్రవారం సాయంత్రం అయిదిటిదాకా గడువిచ్చారు.

ఫోన్‌లో ఇరవై ఆరు వేలన్న గొంతు
కాగితం మీదికొచ్చేసరికి ఇరవై మూడున్నర అయింది.
మధ్యలో రెండున్నర యాడ జారిపోయిందో.
చిత్తూరు నుంచి శ్రీసిటీకి దారి పొడుగే మరి.

ఫ్యాక్టరీ గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు
గుడిపాల రోడ్డు మలుపుదాకా బారులు.
లోపల, ల్యాబ్‌లో, నేను
గుజ్జు చుక్క గాజు మీద వేసి కన్ను ఆనించి
తీపి ఎంతో చదువుతా.
పద్నాలుగు. రాస్తా.
పదమూడున్నర. వెనక్కి పంపుతా.
ఆరేళ్ళుగా నా మాట మీద అప్పీలు లేదు.

అట్లాంటిదాన్ని
"గౌరవనీయులైన" దగ్గరే గంటసేపు కూర్చున్నా.

"మీ సంస్థలో పనిచేసే భాగ్యం కలిగించినందుకు
జన్మంతా రుణపడి ఉంటాను."
చదువుకుంటే పాకం ముదిరిపోయింది,
చీమలు పడతాయి. కొట్టేసినా.
"మాటకూ రాతకూ తేడా ఉన్నది, గమనించగలరు."
ఇది సిట్రిక్ యాసిడ్ డబ్బా ఒలికినట్టు,
నా పళ్ళే పులిసినాయి.

సూపర్‌వైజర్ చెంగల్రాయులు తొంగిచూసి అన్నాడు:
"ముందు చేరు మే, తర్వాత అడగొచ్చు."
ఆయన చేరి ఇరవై రెండేళ్ళు.
ఇంకా అడగబోతానే ఉన్నాడు.

మా మేనమామ గురప్ప పశువుల సంతలో దళారి.
తువ్వాలు కింద చేతులు కలిపి
రెండు వేళ్ళు నొక్కితే రెండు, వేలు సగానికి పట్టుకుంటే అర.
పైన మొహాలు మాత్రం వాన ముచ్చట చెప్పుకుంటా ఉంటాయి.
"మామా, మెయిల్‌లో రెండున్నర వేలు ఎట్లా నొక్కాల?"
అని ఫోన్ చేస్తే చాలాసేపు నవ్వి, దగ్గి,
"ఆడ దళారి లేడు పాపా.
ఎద్దువీ నువ్వే, రైతువీ నువ్వే.
నీ పళ్ళు నువ్వే లెక్కబెట్టి చూపించాల" అన్నాడు.

శుక్రవారం. క్యాంటీన్‌లో చివరి బల్ల.
టిఫిన్ డబ్బాకు ఫోన్ ఆనించి రాసినా:
"ఉద్యోగానికి ఎంపిక చేసినందుకు ధన్యవాదాలు."
ఒక్కసారే.
"పన్నెండో తేదీ ఫోన్‌లో అనుకున్నది ఇరవై ఆరు వేలు.
ఉత్తర్వులో ఇరవై మూడు వేల అయిదొందలు ఉంది.
సరిచేసి పంపితే సంతకం చేసి తిరిగి పంపుతాను."
ఎక్కడా "దయచేసి" పడలేదు.
వెతికి ఒకటి తెచ్చి "సరిచేసి" ముందర పెట్టినా.
అంతకంటే ఒక్క చుక్క పోయలేదు.

ఇంకొకటుంది, చేరే తేదీ.
వాళ్ళు జూలై ఒకటి అన్నారు.
"బాధ్యతలు అప్పగించవలసి ఉన్నందున
ఇరవై రెండున చేరగలను" అని రాసినా.
అబద్ధం కాదు. మురుకంబట్టు నుంచి వచ్చే కొత్త పిల్ల హసీనాకు
గాజు గీతలు పడకుండా తుడవడం ఇంకా రాలేదు.
సీజన్ బోనస్ ఇరవయ్యో తేదీన ఇస్తారనేది కూడా
అబద్ధం కాదు.
అది రాయలేదు.

కింద "మీ విధేయురాలు" అని దానంతటదే వచ్చి కూర్చుంది,
బడిలో సెలవు చీటీల కాలం నుంచి చేతికి అలవాటు.
తీసేసి
పి. మునికుమారి అని మాత్రం ఉంచినా.
పేరు ఒంటరిగా కొంచెం చలి పెట్టినట్టు కనిపించింది.
ఉండనీ.

నాలుగూ నలభై.
ఊరికే, అలవాటు కొద్దీ,
ఫోన్‌ను కిటికీ వెలుతురుకెత్తి
ఒక కన్ను మూసి చూసినా.

నొక్కితే పోలేదు.
వేలికి గుజ్జు.
కోటుకు తుడుచుకుని
ఇంకోసారి నొక్కినా.