ప్రాణవాయువు రంగు

ఐదువేల మీటర్ల ఎత్తులో
మనిషికి ముక్కు గుర్తొస్తుంది.
కింద తొకొనావోలో ఉన్నన్నాళ్ళూ
అదొకటుందని ఎవరనుకున్నారు?
ఇక్కడ రెండు సన్నని గొట్టాలు, నడుముకో సిలిండరు,
వేలికి క్లిప్పు, అందులో ఎర్రంకె: ఎనభై ఎనిమిది.

నేను జునిల్దా ఎస్పిందోలాని.
మా తాత తెల్లరాతిలో గంటస్తంభాలు చెక్కేవాడు,
చిన్నవి, యాత్రికుల సంచిలో పట్టేవి.
ఆయనకు ఉలి. నాకు వెంట్రుకంత చీలిక,
అందులోంచి వెలుతురును పంపడం నా పని.

పదకొండయింది. డాక్టర్ ఎర్మోసిల్లా
దక్షిణాన ఒక నీహారిక మీద గురిపెట్టాడు.
తెర మీద అది
అద్దం మీద ఊదిన ఆవిరి మరక, అంతే.
"చూసి మురవడానికి రాలేదమ్మాయ్," అన్నాడు,
"విప్పి చూడ్డానికొచ్చాం."

ముందు నియాన్ దీపం.
దాని గీతల చోట్లు మాకు కంఠతా వచ్చు,
బట్టల కొట్టుకి మన గజంబద్ద మనమే తీసుకెళ్ళినట్టు.
తర్వాత చీలిక తెరుస్తాం.

నక్షత్రాన్నయితే, ఎరుపు నుంచి ఊదా దాకా
తెగని అంచులా పరుచుకుంటుంది.
నీహారిక అలా కాదు.
అంతా చీకటి. చీకట్లో నాలుగైదు గీతలు,
పిసినారి రాసిచ్చిన సరుకుల చీటీ.
ఎర్రది హైడ్రోజన్.
పక్కపక్కన రెండు పచ్చవి,
ఒకటి రెండోదానికి మూడింతలు:
అవి ఆక్సిజన్.

చెయ్యి దానంతటదే గొట్టం తడిమింది.

ఆ పచ్చ గీతల్ని మొదట చూసినవాళ్ళు
ఇదేదో భూమ్మీద లేని పదార్థమన్నారట,
పేరు కూడా పెట్టారట.
బారసాల అయ్యాక ఎన్నేళ్ళకో తెలిసింది
బిడ్డ మనింటిదేనని.

ఎందుకు పోల్చుకోలేదంటే,
టీ చల్లారిపోతుంటే చెప్పాడు ఎర్మోసిల్లా,
రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆ పరమాణువు
ఒక మెట్టెక్కి కూర్చుంటుంది.
వెలుగు వదిలి దిగాలంటే అరనిమిషం పైనే పడుతుంది,
ఆ లోపు ఎవరూ తగలకూడదు.
ఈ గదిలోనా? లెక్కలేనన్ని ఢీకొట్లు.
మనం పంపులు పెట్టి చేసుకున్న శూన్యంలోనూ తిరనాళ్ళే.
అక్కడ ఎవరూ లేరు.
కూర్చుని, కూర్చుని,
ఒక పచ్చని రవ్వ వదిలి దిగుతుంది.
నిషిద్ధ రేఖ అంటారు దాన్ని.

"నిషేధించిందెవరు?"
"ఎవరూ కాదు. తొందర."

మన ఆకాశమూ ఆ చీలికలో దూరుతుంది.
తల మీది గాలి రాత్రంతా లోలోపల వెలుగుతూనే ఉంటుంది,
దానిదీ ఒక పచ్చ గీత, కాస్త పసుపు వైపు,
అదీ ఆక్సిజనే.
పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని కొలిచి
ఆ మేరకు తీసేస్తాం.
ఇంటి గాలిని తీసేస్తేనే
పరాయి గాలి మిగులుతుంది.

మాకు కావలసింది మాత్రం ఇంకొకటి.
నీలిలో ఒక బక్క గీత, అదీ ఆక్సిజన్‌దే.
పచ్చదానితో తూచితే
అక్కడెంత వేడో చెబుతుంది.
దానికోసం యాభై నిమిషాలు కదలకుండా ఉండాలి.

ముప్పై ఒకటో నిమిషంలో నా వేలి మీద డెబ్బై నాలుగు.
సిలిండరు ముల్లు అడుగంటింది.
విడిగా తెచ్చినదాని మర గడ్డకట్టి తిరగడం లేదు.
నోరు మూసుకున్నాను,
పంతొమ్మిది నిమిషాలే కదా.
నా గోళ్ళు మెల్లగా
మేం వెతుకుతున్న గీత రంగుకొచ్చాయి.

ఆయన తెరనే చూస్తున్నాడనుకున్నాను.
షట్టరు పడిన చప్పుడయింది.
తన ముక్కులోని గొట్టం తీసి నాకు పెట్టి,
జీపు దాకా ఆయాసపడుతూనే నడిచాడు,
మలుపు మలుపుకీ ఏదో లెక్క గొణుక్కుంటూ.

కింద శిబిరంలో తెల్లవారుజామున చూశాం.
పచ్చవి నిలబడ్డాయి.
నీలిది రొదలో కలిసిపోయింది.
పట్టికలో వేడి గడి ఖాళీ.
పక్కన, కారణం గడిలో
ఆయన రాసింది: వాతావరణం.

ఆయన నిద్రకు పోయాక
దాన్ని కొట్టేసి
నా పేరు రాశాను.